కుందేలుకి ఏ బొమ్మ తెచ్చినా వాసన చూసి వదిలేస్తోంది, దీన్ని ఆడించేదెలా?

చిట్టితోక

అందరికీ నమస్తే. మా ఇంట్లో ఏడాది దాటిన ఆడ కుందేలు ఉంది, పేరు బూచి. తిండి బాగా తింటుంది, ఈమధ్యే వెట్‌కి చూపిస్తే పళ్లూ బరువూ అన్నీ బాగున్నాయన్నారు. నా బాధల్లా దానికి కాలక్షేపం లేకపోవడమే. పగలంతా ఓ మూల ముడుచుకుని ఉంటుంది, చీకటి పడగానే బోను కడ్డీలు పట్టుకుని టకటకమని కొరకడం మొదలు, లోపల పరిచిన గుడ్డంతా లాగి ఓ పక్కకి పోగేస్తుంది, బయటికి వదిలితే సోఫా వెనక చేరి తివాచీ తవ్వుతుంది. లోపల గంట ఉన్న ప్లాస్టిక్ బంతి తెచ్చాను, దూది కూరిన బొమ్మ తెచ్చాను, పిల్లులకి అమ్మే ఈకల కర్ర కూడా తెచ్చాను. ప్రతిదాన్నీ వాసన చూసి, గడ్డం రుద్ది, పోయి తన మూలలో తను కూర్చుంటోంది. అసలు కుందేళ్లు ఆడతాయా, లేక దాన్ని కుక్కపిల్ల అనుకుని నేనే అనవసరంగా టెన్షన్ పడుతున్నానా?

గడ్డిమోపు

ఆడతాయండీ, బ్రహ్మాండంగా ఆడతాయి. కాకపోతే కదిలేదాని వెంటపడి పట్టుకోవడం పిల్లికీ కుక్కకీ ఆట, అవి వేటాడే జాతి. కుందేలు వేటకి దొరికే జాతి. దాని ముందు ఈకల కర్ర ఊపితే సరదా పడటం అటుంచి, మీద ఏదో వాలుతోందని హడలిపోవచ్చు కూడా. దానికి ఆటంటే కొరకడం, తవ్వడం, పళ్లతో పట్టి విసిరేయడం, ఇరుకులో దూరి దాక్కోవడం, ఎత్తు మీదికెక్కి చుట్టూ చూడటం. ఇప్పుడు మీ ఫిర్యాదులు మీరే ఇంకోసారి చదవండి. కొరుకుతోంది, లాగుతోంది, తవ్వుతోంది. ఆట దానికి వచ్చు, ఆడుకోడానికి తగిన వస్తువూ చోటూ లేవు.

గడ్డం రుద్ది వెళ్లిపోయిందంటే నచ్చలేదని కాదు. గడ్డం కింద వాసన గ్రంథులుంటాయి, అలా రుద్ది ఇది నాది అని గుర్తు పెట్టుకుంటుంది.

అర్జెంటుగా చేయాల్సింది ఒకటుంది, ఆ దూది బొమ్మా ఈకల కర్రా తీసేయండి. కుందేళ్లు వాంతి చేసుకోలేవు, లోపలికి పోయింది ముందుకి పోవాల్సిందే, దారమో దూదో పేగులో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. బంతి గట్టి ప్లాస్టిక్ అయితే ఉండనివ్వండి, ముక్కలు కొరుకుతున్నట్టు కనిపిస్తే అదీ తీసేయండి.

మూడు_కాళ్ల_కుందేలు

నా మాట నచ్చకపోవచ్చు కానీ, ఈ బొమ్మలూ టన్నెళ్లూ అన్నీ వ్యాపారం. అడవి కుందేలుకి ఎవరు కొనిచ్చారు? నిండా ఎండుగడ్డి, మంచి నీళ్లు, శుభ్రమైన బోను, ఇంతే కావాలి. మిగతాదంతా మన సరదా.

గడ్డిమోపు

పేరుకి తగ్గట్టే మాట్లాడారు 😄 మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే మేమేం చేస్తాం. అడవి కుందేలుకి ఎవరూ కొనివ్వక్కర్లేదు సార్, అది బొరియలు తవ్వుకుంటుంది, గుంపులో బతుకుతుంది, మేత వెతుక్కుంటూ తిరుగుతుంది, నక్క వస్తుందేమోనని చెవులు రిక్కించుకుని ఉంటుంది, రోజంతా దానికి పనే. మనం ఆ పనులన్నీ తీసేసి నాలుగు కడ్డీల మధ్య గిన్నెలో తిండి పెట్టాం. బొమ్మ అనేది ఆ పోయిన పనికి బదులు.

రాత్రిపూట_గెంతులు

బొమ్మల సంగతి తర్వాత, చిట్టితోక గారూ, బోను ఎంత పెద్దది? రోజుకి ఎంతసేపు బయట వదులుతారు? ఎందుకంటే కడ్డీలు కొరికే కుందేలు చాలాసార్లు అడిగేది బొమ్మ కాదు, తలుపు. బ్రిటన్‌లో కుందేళ్ల సంక్షేమం చూసే సంస్థ జంట కుందేళ్లకి 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉన్న చోటు ఎప్పుడూ అందుబాటులో ఉండాలంటుంది. అంత బోను ఎవరి దగ్గరా ఉండదు, అందుకే చాలామంది బోను తలుపు తీసేసి చుట్టూ ప్లేపెన్ కంచె పెడతారు. వరసగా మూడు నాలుగు గెంతులు వేయగలగాలి, వెనక కాళ్ల మీద నిలబడితే చెవులు పైకప్పుకి తగలకూడదు. అది లేకుండా ఎన్ని బొమ్మలు పడేసినా బోను ఇంకాస్త ఇరుకవుతుందే తప్ప లాభం లేదు.

ఇంకోటి, వదిలే టైము. కుందేళ్లు తెల్లవారుజామునా సాయంత్రం పొద్దుగుంకే వేళా చురుగ్గా ఉంటాయి. మధ్యాహ్నం పన్నెండుకి బయటికి తీసి ఆడటం లేదంటే అది వాటి నిద్ర టైము.

చిట్టితోక

బోను చిన్నదేనండీ, అది సాగి పడుకుంటే ఈ చివర నుంచి ఆ చివరకి వస్తుంది. బయటికి మధ్యాహ్నం వదులుతున్నాను, నాకు అప్పుడే ఖాళీ. సాయంత్రానికి మార్చి చూస్తాను. కానీ బయట వదిలినా హాల్లోకి రాదు, తివాచీ మీదే ఉంటుంది. బెదురేమో అనుకున్నాను.

తెల్లచెవి

హాల్లో టైల్సా? అయితే బెదురు కాదు, జారుతోంది. కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు అరికాళ్లలో మెత్తలు వీటికి ఉండవు, పాదం కిందంతా బొచ్చే. నున్నటి నేల మీద పట్టు దొరకదు. కాళ్లు పక్కలకి జారిపోతుంటే ఏ జంతువైనా ఎందుకు పరిగెడుతుంది? పట్టలో పాత దుప్పట్లో ఒకదాని పక్కన ఒకటి దారిలా పరిచి చూడండి, అంచుల్లో దారాలు ఊడనివి చూసి. మా మొద్దబ్బాయి ఎప్పుడూ ఒకే గదిలో ఉండేవాడు, మ్యాట్లు వేశాక ఇల్లంతా రౌండ్లే.

చిట్టితోక

టైల్సే!! ఇది నాకు తట్టనే లేదు.

అట్టపెట్టెల_రాణి

ఇక నా సబ్జెక్టుకి వద్దాం. డబ్బు పెట్టకండి, పార్శిల్ వచ్చిన అట్టపెట్టె చాలు. టేపు, స్టేపుల్ పిన్నులు, అతికించిన లేబుళ్లు అన్నీ పీకేసి, ఎదురెదురు గోడలకి కుందేలు దూరేంత కన్నాలు రెండు చేయండి. రెండు అని ఎందుకంటున్నానంటే ఒకటే దారి ఉన్న చోట కుందేలు నమ్మకంగా కూర్చోదు, ఒక వైపు నుంచి ఎవరైనా వస్తే ఇంకో వైపు నుంచి పారిపోయే వీలుండాలి. బొరియల్లోనూ అంతే కదా. పెట్టె పైకప్పు గట్టిగా ఉంటే మీదికెక్కి కాపలా కాస్తుంది కూడా. కొన్నాళ్లకి కన్నాలని తనకి నచ్చినట్టు కొరికి పెద్దవి చేసుకుంటుంది, కిటికీలు పెట్టుకుంటుంది, ఆ వాస్తు మార్పులే అసలు ఆట. రంగులు పూసిన మెరిసే అట్ట మాత్రం వద్దు.

టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం పారేయకండి. అందులో ఎండుగడ్డి బిగించి కూరి, మధ్యలో రెండు కొత్తిమీర కాడలు దాచి ఇవ్వండి. లాగుతుంది, విసురుతుంది, చింపుతుంది. మా ఇంట్లో ఇంతకన్నా హిట్టయిన బొమ్మ లేదు, కొన్నవన్నీ మూల పడున్నాయి.

పిడికెడు

అట్ట తినేస్తే? మాది కొరికి ఊరుకోదు, నమిలి మింగుతుంది.

అట్టపెట్టెల_రాణి

చింపి పడేస్తూ కొద్దిగా మింగితే ఏం కాదు. భోజనంలా తింటుంటే మాత్రం తీసేయండి, ఎండుగడ్డి తక్కువవుతోందేమో కూడా చూసుకోండి. అలాంటి కుందేలుకి సీగ్రాస్ చాపలు, గడ్డితో అల్లిన బంతులు మేలు, మింగినా గడ్డే.

గడ్డిమోపు

తవ్వే పెట్టె గురించి ఎవరూ చెప్పలేదు. లోతైన పెట్టో టబ్బో తీసుకుని, కుందేలు తేలిగ్గా ఎక్కి దిగేలా ఒక పక్క అంచు తగ్గించి, అందులో చింపిన కాగితాలు నింపండి. మట్టి వేయాలంటే ఎరువూ పురుగుమందూ కలవని మట్టి. ఇల్లు పాడవుతుందంటే కాగితాలతోనే కానివ్వండి, పెట్టెని ఇంకో పెద్ద పెట్టెలో పెడితే సగం లోపలే పడుతుంది. నీళ్లు తగిలితే గడ్డకట్టే పిల్లుల లిట్టర్ (పిల్లుల మలమూత్రాల కోసం పెట్టెలో పరిచేది) మాత్రం పొరపాటున కూడా వేయొద్దు, కడుపులోకి పోతే అక్కడా గడ్డే కడుతుంది.

కిటుకేంటంటే, ఆ పెట్టెని సోఫా వెనక, ఇప్పుడు తవ్వుతున్న చోటే పెట్టండి. తవ్వొద్దని అరిస్తే తవ్వడం ఆగదు, చోటు మారుతుంది. అదేదో ముందే మనమే చోటిస్తే పోతుంది.

రాత్రిపూట_గెంతులు

చిట్టితోక గారూ, గుడ్డ లాగి పోగేస్తోందన్నారు కదా. గడ్డి నోట కరుచుకుని తిరగడం, పొట్ట మీద బొచ్చు తనే పీక్కోవడం కూడా ఉందా? దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా?

చిట్టితోక

ఆపరేషన్ కాలేదు. బొచ్చు పీకడం ఒకసారి కనిపించింది, ఊడే సీజను అనుకున్నాను. గడ్డి నోట్లో పెట్టుకుని తిరగడం కూడా ఉంది, ముద్దుగా ఉందని వీడియో తీశాను.

రాత్రిపూట_గెంతులు

అది గూడు కట్టుకోవడం అండీ. మగ కుందేలు దగ్గర లేకపోయినా ఆడవాటికి ఉత్తుత్తి గర్భం వస్తుంది, రెండు వారాలు దాటి, ఒక్కోసారి 18 రోజుల దాకా ఉంటుంది, ఆ రోజుల్లో తవ్వడం, చిరాకు, చేయి పెడితే గుర్రుమని మీదికి రావడం అన్నీ ఎక్కువ. ఇది బొమ్మలతో తీరేది కాదు. గూడు పీకేయకండి, దాని మానాన దాన్ని వదిలేయండి. ఆ తర్వాత కుందేళ్లు బాగా తెలిసిన వెట్‌తో స్టెరిలైజేషన్ గురించి మాట్లాడండి. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకి వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ, కాబట్టి అల్లరి తగ్గడం కోసమే అనుకోవక్కర్లేదు.

మూడు_కాళ్ల_కుందేలు

చూశారా, బొమ్మలు కాదని నేను చెప్పలా!

అట్టపెట్టెల_రాణి

మీరు చెప్పింది ఇది కాదు సార్ 😀

కొత్తగా_వచ్చా

ఒక డౌటు. పళ్లు పెరుగుతూనే ఉంటాయంటారు కదా, అరగడానికి చెక్క ముక్కలు ఇవ్వకపోతే ప్రమాదమా? ఏ చెక్కైనా పర్లేదా?

తెల్లచెవి

పళ్లు జీవితాంతం పెరుగుతాయి నిజమే, ముందు పళ్లయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. కానీ వాటిని అరగదీసేది చెక్క కాదు, ఎండుగడ్డి. గడ్డిని దవడ పళ్ల మధ్య పక్కలకి రుబ్బుతూ నమలడంలో అవి అరుగుతాయి, తేడా వస్తే ముందు వచ్చేదీ లోపలి దవడ పళ్లకే, అవి మనకి బయటికి కనపడవు. చెక్క కాలక్షేపానికి. రోజూ తినేదాంట్లో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి, పెల్లెట్లతో (దుకాణంలో దొరికే గుళికల మేత) కడుపు నింపేసి చెక్క ముక్క పడేస్తే సరిపోదు.

ఏ చెక్కైనా పర్లేదు అనుకోకండి. ఆపిల్, విల్లో, హేజెల్ కొమ్మలు మంచివి, మందు కొట్టని చెట్టువై ఉండాలి. చెర్రీ, పీచ్, ఆప్రికాట్, ప్లమ్ లాంటి టెంక పండ్ల చెట్ల కొమ్మలు వద్దు. దేవదారు చెక్కా వద్దు. రంగూ వార్నిషూ వేసిన ఫర్నిచర్ ముక్కలు అసలే వద్దు. చెట్టు పేరు ఖాయంగా తెలియకపోతే ఇవ్వకపోవడమే నయం.

పిడికెడు

మేము గిన్నె తీసేశాం. పెల్లెట్లు గిన్నెలో వేస్తే నిమిషంలో ఊదేసి మిగతా రోజంతా మా మొహం చూసేది. ఇప్పుడు అవే పెల్లెట్లు ఎండుగడ్డిలో చల్లుతున్నాం, కొన్ని నలిపిన కాగితం ఉండల్లో, కొన్ని పాత టవల్ చుట్టి మడతల్లో. ముక్కుతో తోసుకుంటూ టవల్ విప్పడం చూడాలి మీరు. మొదట్లో మాత్రం తేలిగ్గా పెట్టాలి, ముక్క బయటికి కనపడేలా, లేకపోతే విసుగొచ్చి వదిలేస్తుంది. టవల్ నూలు కొరుకుతుంటే మానేయండి. దొర్లిస్తే పెల్లెట్లు రాలే బంతి కూడా దొరుకుతుంది, చిట్టితోక గారూ, మీ గంట బంతి కన్నా దానితో ఎక్కువ ఆడుతుంది, ఎందుకంటే దానివల్ల ఏదో వస్తుంది కదా.

తెల్లచెవి

ఒక్క షరతు, కొత్త తిండి వేయకూడదు, రోజూ పెట్టే కొలతలోంచే తీసి దాచాలి. ఆట పేరుతో పండు ముక్కలు ఎక్కువైతే పేగులు పాడవుతాయి. పండు రోజుకి ఒకట్రెండు చెంచాలు దాటొద్దు.

జోరుబండి

మా అన్న కూతురికి చిట్టెలుక ఉంది, దానికి తిరిగే చక్రం పెట్టారు, ప్లాస్టిక్ గోళంలో పెట్టి ఇంట్లో వదులుతారు. కుందేలు సైజువి దొరికితే సరిపోతుంది కదా, ఇంత కష్టం ఎందుకు? లేదా బెల్టు కట్టి పార్కుకి తీసుకెళ్లొచ్చు.

గడ్డిమోపు

బ్రో, చక్రమూ వద్దు గోళమూ వద్దు. కుందేలు వెన్నెముక చక్రంలో వంగి పరిగెత్తడానికి తగ్గది కాదు, పైగా గోళంలో గాలి ఆడదు, వేడెక్కుతుంది. వీటికి చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోయేది ఎక్కువగా చెవుల్లోంచే, అందుకే ఎండలో ఆడించడం కూడా ప్రమాదమే.

బెల్టు సంగతి, పార్కులో కుక్క మొరిగితే ఇది ఒక్కసారిగా గెంతుతుంది, బెల్టు ఆపుతుంది, వెనక కాళ్ల బలం ఎంతంటే ఆ కుదుపుకి తన వెన్నే విరగ్గొట్టుకోగలదు. ఇంట్లో అలవాటు చేసి, కుక్కలు రాని నిశ్శబ్దమైన చోట వదిలే వాళ్లున్నారు. నేనైతే పెట్టను.

రాత్రిపూట_గెంతులు

గెంతులంటే గుర్తొచ్చింది, స్వీడన్‌లో 1970లలో మొదలైన కుందేళ్ల హర్డిల్స్ పోటీలున్నాయి, కనిన్‌హాప్ అంటారు, గుర్రాల జంపింగ్ పోటీలు చూసి పెట్టినవి. మన ఇంట్లో అంత అక్కర్లేదు, రెండు పుస్తకాల మీద తేలికైన పుల్ల పెట్టి, తగిలితే పడిపోయేలా, అవతల చేతిలో ఆకు చూపిస్తే చాలు. బలవంతంగా తోయడం, ఎత్తి అవతల పెట్టడం చేయకూడదు. వచ్చిందా మంచిది, పక్కనుంచి చుట్టూ తిరిగొచ్చిందా, అదీ తెలివే, ఆకు ఇచ్చేయండి.

పేరు పిలిస్తే రావడం, గుండ్రంగా తిరగడం లాంటివి క్లిక్కర్ (నొక్కితే టక్కుమనే చిన్న పరికరం) సాయంతో నేర్చుకుంటాయి. అయిదు నిమిషాలు, అంతకన్నా లాగొద్దు. ఆకు ఇచ్చేటప్పుడు సరిగ్గా ముక్కు ముందు పెట్టకండి, కళ్లు పక్కలకి ఉండటంవల్ల చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది కానీ ముక్కు కిందున్నది కనపడదు. మీసాలతో పెదాలతో తడుముకుంటుంది, ఆ తడుములాటలో వేలు కొరికితే అది దాని తప్పు కాదు.

లడ్డూ_వాళ్లమ్మ

ఇంత చర్చ ఎందుకండీ, ఇంకో కుందేలుని తెచ్చేయండి, రెండూ ఆడుకుంటాయి. మా లడ్డూకి తోడు తెచ్చాక బొమ్మల గొడవే లేదు.

తెల్లచెవి

అక్కా, తోడు మంచిదే, వీటిది గుంపులో బతికే జాతి, మనం ఎంతసేపు కూర్చున్నా ఇంకో కుందేలు నాకి శుభ్రం చేసినట్టు మనం చేయలేం. కానీ తెచ్చేయండి అంత తేలిగ్గా అయ్యేది కాదు. ముందు రెండింటికీ ఆపరేషన్ అవ్వాలి, మగదానికి అయ్యాక కూడా ఆరు వారాల దాకా పిల్లలు పుట్టించే శక్తి మిగిలుండొచ్చు. పరిచయం ఏ ఒక్కదానిదీ కాని కొత్త చోటులో, మధ్యలో కంచెతో మొదలుపెట్టి మెల్లగా చేయాలి. ఉన్నదాని బోనులోకి కొత్తదాన్ని దింపితే చెవులు చిరిగేదాకా కొట్టుకుంటాయి. బూచికి ఇప్పుడున్న స్థితిలో ఇది ఆఖర్న చూడాల్సిన విషయం.

లడ్డూ_వాళ్లమ్మ

నిజమే, మావి రెండూ ఆపరేషన్ అయినవే, ఆ మాట రాయలేదు. వాటికి కలవడానికి టైము కూడా పట్టింది.

పెద్దతాత_కుందేలు

మాది ముసలిది, ఎనిమిదేళ్లు దాటాయి, కీళ్లవాతం. పైన చెప్పిన గెంతులు, ఎత్తులు దీనికి కుదరవు. పగలూ రాత్రీ పడుకునే ఉంటుంది. దీనికేమైనా ఉందా, లేక విశ్రాంతిగా వదిలేయాలా?

పిడికెడు

వదిలేయకండి సార్, కదలకపోతే కీళ్లు ఇంకా బిగుసుకుంటాయి. ఎత్తులకి బదులు వాలుగా ర్యాంపు, లిట్టర్ బాక్సుకి తక్కువ అంచు, నేల మీద మెత్తటి మ్యాట్. తిండి ఒకేచోట పెట్టకుండా గది నాలుగు మూలలా కాస్త కాస్త గడ్డి పెడితే అదే నడక. అట్ట గొట్టం ఆటకి వయసుతో పని లేదు, పడుకునే చింపుతుంది. నొప్పి మందు వెట్ రాశారా? నొప్పి ఉంటే ఏ ఆటా ఆడదు. పళ్లు గట్టిగా పటపట కొరుకుతూ వీపు వంచి కూర్చుంటే అది నొప్పి, నిమిరినప్పుడు పళ్లు మెల్లగా ఆడిస్తే అది సంతోషం, రెండూ కలిపేసుకోకండి.

తెల్లచెవి

ముసలిదైనా పడుచుదైనా ఇది మాత్రం అందరికీ. ఆడటం మానేసింది అంటే బోర్ కొట్టింది అనేయడానికి ముందు తిండీ రెట్టా చూడండి. 10, 12 గంటలుగా ఏమీ తినలేదు, రెట్ట వేయలేదు అంటే పేగులు ఆగిపోతున్నాయని, రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే వెట్ దగ్గరికి పరిగెత్తాలి.

చిట్టితోక

చాలా థాంక్స్ అందరికీ. దూది బొమ్మా ఈకల కర్రా తీసేశాను, గుడ్డ గూడు దాని మానాన వదిలేశాను, వెట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. హాల్లో మ్యాట్లు పరిచి, సాయంత్రం వదిలి, నేను ఫోన్ చూసుకుంటూ నేల మీద పడుకున్నాను. చాలాసేపు రాలేదు, తర్వాత వచ్చి నా వీపు మీదికెక్కింది, దిగి గాల్లో ఒళ్లు మెలి తిప్పుతూ ఒక గెంతు వేసింది, నాకు భయమేసింది, అది ఫిట్స్ లాంటిదా?

అట్టపెట్టెల_రాణి

అయ్యో కాదండీ, అది బింకీ! కుందేలు సంతోషం పట్టలేక వేసే గెంతు. పార్టీ ఇవ్వండి.

గడ్డిమోపు

అలా నేల మీద పడుకోవడం మంచి పని చేశారు, దానికి మీరూ ఎక్కి దిగే ఒక మెట్టే. ఎత్తుకోవడం కన్నా అదే వాటికి ఇష్టం.

ఇక ఇల్లంతా తిరగడం మొదలెడుతుంది కాబట్టి ఈ రాత్రే వైర్ల సంగతి చూడండి. చార్జర్ వైరు వాటికి వేరులా అనిపిస్తుందో ఏమో, ఒక్క కొరుకులో తెగుతుంది, కరెంటున్న వైరు అయితే ప్రాణమే పోతుంది. గట్టి ప్లాస్టిక్ గొట్టాల్లో దూర్చండి, లేదా అందనంత ఎత్తుకి కట్టేయండి. సోఫా కింది గుడ్డ చింపి లోపలికి దూరుతాయి, ఆ కన్నానికి అట్ట అడ్డం పెట్టండి. బొమ్మలన్నీ ఒకేసారి పరచకండి, రెండు మూడు బయట ఉంచి మిగతావి దాచి కొన్ని రోజులకోసారి మారుస్తుంటే పాతదే కొత్తదవుతుంది. దాక్కునే పెట్టె మాత్రం మార్చకండి, అది దాని ఇల్లు.

చిట్టితోక

వైర్లన్నీ టీవీ వెనకే ఉన్నాయి, అటు మ్యాట్ వేయకుండా వదిలేస్తే అటు పోదు కదా?

గడ్డిమోపు

పోతుంది. కంచె పెట్టండి.